ఐటీఐ ఎలక్ట్రీషియనా, మేస్త్రీ వెంట హెల్పరా? తమ్ముడి విషయంలో సలహా కావాలి

నాగావళి ఒడ్డు
మాది ఆమదాలవలస దగ్గర పల్లె. తమ్ముడు ఈ ఏడు టెన్త్ పాసయ్యాడు. మార్కులు గొప్పగా లేవు, తీసిపారేసేలాగానూ లేవు. పుస్తకాల కన్నా పాడైన మిక్సీల మీద వాడికి ధ్యాస ఎక్కువ. ఎలక్ట్రీషియన్ అవుతానని పట్టుబట్టాడు. ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. అమ్మ ఇంటర్ అంటుంది. నాన్న ఐటీఐ అంటున్నారు. గాజువాకలో కరెంటు పనులు పట్టే మామయ్య మాత్రం "రెండేళ్ళు బెంచీ మీద కూర్చుని ఏం నేర్చుకుంటాడు, నా వెంట పంపండి, ఆరు నెలల్లో ఇల్లంతా వైరింగు చేసేస్తాడు" అంటాడు.

ఇది చాలదన్నట్టు నిన్న ఒక ప్రైవేటు ఐటీఐ వాళ్ళు ఇంటికే వచ్చారు. ఫీజు కడితే చాలట, రోజూ రానక్కర్లేదట, హాజరు సంగతి వాళ్ళే చూసుకుంటారట, పరీక్షల ముందు కబురు పెడతారట. పని మామయ్య దగ్గర, సర్టిఫికెట్ వీళ్ళ దగ్గర, రెండూ కలిసొస్తాయని మామయ్యకు ఇది తెగ నచ్చేసింది. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి.

గంటస్తంభం
హాజరు వాళ్ళే వేస్తే, రేపు షాకు కూడా వాళ్ళే కొట్టించుకుంటారా అని అడగాల్సింది.

టెస్టర్ జేబులో
మీ మామయ్య చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. నేను విజయనగరంలో ఇళ్ళకూ షాపులకూ వైరింగు చేస్తాను, ఐటీఐ గుమ్మం తొక్కలేదు. నా దగ్గరికి ఐటీఐ పాసైన కుర్రాళ్ళు వస్తుంటారు. ఓమ్స్ లా అడిగితే గడగడా చెబుతారు. స్లాబు వేసే రోజు ఇనుము కట్టాక పైపులు పరిచి, ఫ్యాన్ బాక్సులు కట్టి, కాంక్రీటు పడేలోగా దిగిపోవాలి అంటే బిక్కమొహం వేస్తారు. ఎక్కడ వంపు పెట్టాలో, ఏ పైపులో ఎన్ని వైర్లు పడతాయో వాళ్ళకు తెలియదు. పైపు నొక్కుకుపోయిందంటే ఆ తర్వాత స్లాబు పగలగొట్టాల్సిందే. ఇది ఏ పుస్తకంలో ఉంది? మేస్త్రీ దగ్గర తిట్లు తింటేనే వస్తుంది.

పాత ఇన్‌స్ట్రక్టర్
టెస్టర్ జేబులో గారూ, మీ కోపం న్యాయమైనదే. నేను ఐటీఐలో డీటీఓగా (డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరుగా) చేసి రిటైరయ్యాను, స్లాబు పని విషయంలో మా పిల్లలు వెనకబడే ఉంటారు. మేము సెక్షనులో, అంటే వర్క్‌షాప్‌లో, చెక్క బోర్డు మీద కండ్యూట్ (పైపుల్లో వైర్లు లాగే) వైరింగు నేర్పుతాం. బోర్డు మీద కాంక్రీటు పడదు కదా. కానీ వైరింగు ఎలక్ట్రీషియన్ పనిలో ఒక భాగమే. ట్రాన్స్‌ఫార్మర్, మోటారు, స్టార్టరు, ప్యానెల్, ఎర్తింగు, ఇన్సులేషన్ పరీక్ష, ఇవన్నీ మీ దగ్గర ఎన్నాళ్ళలో వస్తాయి?

ఇక ప్రశ్న వేసిన బాబుకు. ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు. సైన్సు, లెక్కలతో టెన్త్ పాసై ఉండాలి. ఏడాది చివర్లో దేశమంతటికీ ఒకటే ట్రేడ్ టెస్టు. ప్రాక్టికల్లో 60 శాతం, థియరీలో 33 శాతం వస్తేనే పాసు. దేనికి ఎక్కువ పెట్టారో చూడండి. సెక్షనులో అడుగు పెట్టనివాడు ఆ 60 ఎలా తెస్తాడు? తెచ్చాడంటే ఆ సర్టిఫికెట్ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

లైన్ క్లియర్
గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుని, అంటే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్ 2. 2019లో వచ్చాను. ఐటీఐలో ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడు గానీ, ఇంటర్ ఒకేషనల్లో ఎలక్ట్రికల్ కోర్సు గానీ ఉండాలని అడిగారు. ఆ కాగితం లేకపోతే మీ మామయ్య ఎంత పనిమంతుడైనా లోపలికి రానివ్వరు. కాగితం ఉన్నా స్తంభం ఎక్కి చూపించాలి, సైకిలు తొక్కాలి, మీటరు రీడింగు తీయాలి. మా గుంపులో ఒకతను స్తంభం సగం ఎక్కి కిందికి చూశాడు. అంతే, చేతులు వదలడు, పైకి వెళ్ళడు. నిచ్చెన వేసి దించారు.

గంటస్తంభం
ఆ సగం స్తంభం మనిషి నేను కాదని ముందే చెబుతున్నాను.

నాగావళి ఒడ్డు
ఇంటర్ ఒకేషనల్ కూడా చెల్లుతుందా? ఈ మాట వింటే అమ్మ పండగ చేసుకుంటుంది.

లైన్ క్లియర్
అప్పటి నోటిఫికేషన్లో చెల్లింది. కానీ ఫ్యాక్టరీలు, రైల్వే, డాక్‌యార్డు దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా ఐటీఐనే అడుగుతారు. ఒక్క లైన్‌మన్ ఉద్యోగం కోసమే అయితే ఏదైనా ఒకటే, మిగతా తలుపులు కూడా తెరిచి ఉండాలంటే ఐటీఐ మేలు.

పైడిభీమవరం షిఫ్టు
మందుల కంపెనీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేస్తాను. మా సెక్యూరిటీ గేటు దగ్గరే రెండు వరసలు ఉంటాయి. సర్టిఫికెట్ ఉన్నవాడు టెక్నీషియన్. లేనివాడు కాంట్రాక్టరు కింద హెల్పరు, పదేళ్ళు చేసినా హెల్పరే. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, మోటారు మీద చెయ్యి వేసి బేరింగు పోయిందో లేదో చెబుతాడు. ఆయన చెప్పింది రాసుకుని పర్మిట్ మీద సంతకం పెట్టేది నిన్నగాక మొన్న చేరిన ఐటీఐ కుర్రాడు. అన్యాయమే. ఆ అన్యాయంలో మీ తమ్ముడు ఏ వైపు ఉండాలో మీరే చూసుకోండి.

టెస్టర్ జేబులో
పైన చెప్పిన పెద్దాయన జీతం సంగతి నాకు తెలియదు గానీ, నా సంపాదన కంపెనీ టెక్నీషియన్ జీతానికి తక్కువేమీ కాదు. నైట్ షిఫ్టు లేదు, సూపర్‌వైజరు లేడు. అందరూ ఉద్యోగం ఉద్యోగం అంటారు, ఇల్లు కట్టుకున్నప్పుడు మాత్రం నాకే ఫోను చేస్తారు.

చీపురుపల్లి జంక్షన్
చేస్తాం, మీరు ఎత్తరు.

టెస్టర్ జేబులో
మీరు చీపురుపల్లి అనగానే గుర్తొచ్చింది, అక్కడ నాకు ఒకాయన బాకీ. మీరు కాదు కదా?

ఉద్దానం జీడి
మేస్త్రీల మీద నాకు గౌరవం ఉంది, కానీ ఒక సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు నిలబడ్డ స్తంభం కనిపించలేదు. జీడి, కొబ్బరి చెట్లతో పాటు లైన్లన్నీ నేలమీదే. చీకట్లో రోజులు గడిచాక వేరే జిల్లాల నుంచి కూడా మనుషులు వచ్చి స్తంభాలు పాతారు. కరెంటు వచ్చిందని మేము సంబరపడుతుంటే మా వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు ఒకదాని వెనక ఒకటి కాలిపోయాయి. బల్బులు ముందు తెల్లగా వెలిగి, తర్వాత పేలాయి. కారణం చూస్తే, ఎవరో మాకు తెలిసినతనే, తొందరలో న్యూట్రల్ తీగను మెలిపెట్టి వదిలేశాడు. ఫేజు తీగలన్నీ గట్టిగా బిగించాడు. న్యూట్రలే కదా, షాకు కొట్టదు కదా అనుకున్నాడట.

పాత ఇన్‌స్ట్రక్టర్
ఉద్దానం గారు చెప్పిన దానికి కారణం చెబుతాను, ఇదే మేము మొదటి ఏడాదిలో నేర్పేది. త్రీ ఫేజు లైనులో ఒక్కొక్క ఫేజు మీద కొన్ని ఇళ్ళు ఉంటాయి. న్యూట్రల్ సరిగ్గా ఉన్నంత సేపు ప్రతి ఇంటికీ 230 వోల్టులే. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మీది ఇళ్ళు వరసగా కలిసిపోయి 400 వోల్టులను పంచుకుంటాయి. ఎక్కువ లోడు ఉన్న ఇంట్లో దీపం మినుకు మినుకుమంటుంది, తక్కువ లోడు ఉన్న ఇంట్లో వోల్టేజి 300 దాటిపోతుంది. టీవీ ఒక్కటే ఆన్‌లో ఉన్న ఇల్లు ముందు కాలుతుంది. న్యూట్రల్‌ను ఎందుకు అంత జాగ్రత్తగా బిగించాలో లెక్క వేసి చూసినవాడికి దాన్ని మెలిపెట్టి వదిలేయడానికి చేతులు రావు.

చీపురుపల్లి జంక్షన్
మా ఇంట్లో ఫ్యాన్లు ఒక్కోసారి విమానంలా తిరుగుతాయి, ఒక్కోసారి అలిసిపోయినట్టు తిరుగుతాయి. ఇదేనా?

లైన్ క్లియర్
ఇదే కావచ్చు. రేపు ఉదయమే మీ సచివాలయంలో చెప్పండి. అప్పటిదాకా ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోతుందని అనుకోకండి.

ఇంకో సంగతి, తుఫాను మాట వచ్చింది కాబట్టి. మేము లైను మీద పని చేసేటప్పుడు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాం. లైను ఆపాం, మీరు ఎక్కవచ్చు అని వాళ్ళు చెప్పాకే ఎక్కుతాం. అయినా ఎర్తు రాడ్డు తగిలించకుండా తీగ ముట్టుకోం. ఎందుకంటే కింద ఎవరో ఒకరు చేంజోవర్ స్విచ్ (లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా చూసేది) లేకుండా జనరేటర్‌ను నేరుగా ఇంటి ప్లగ్గులో పెట్టేసి ఉంటారు. ఆ కరెంటు మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్ళి, అక్కడ నుంచి వెనక్కి 11 వేల వోల్టులై లైనులోకి వస్తుంది. ఇంటి వైరింగు మాత్రమే తెలిసిన మేస్త్రీలు చాలామందికి ఇది తట్టదు. జనరేటర్ ఎలా తగిలించాలో జనానికి నేర్పేది కూడా వాళ్ళే.

టెస్టర్ జేబులో
అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను చేంజోవర్ లేకుండా జనరేటర్ పెట్టను, ఇన్వర్టరూ పెట్టను. కానీ ఇది నేర్పింది మా గురువే, ఆయనా ఐటీఐ కాదు.

పైడిభీమవరం షిఫ్టు
మంచి గురువు దొరికితే సరే. దొరక్కపోతే?

దోహా నుంచి
సోంపేట మాది, ఎనిమిదేళ్ళుగా ఖతర్‌లో. టెన్త్ పాసైతే పాస్‌పోర్టుకు ఈసీఎన్‌ఆర్ (ఇమిగ్రేషన్ అనుమతి విడిగా అక్కర్లేదన్న హోదా) వస్తుంది, అది మంచిదే. కానీ ఇక్కడికి వచ్చే ముందు ట్రేడ్ టెస్టు పెడతారు. డ్రాయింగు ముందు పెట్టి ప్యానెల్ వైరింగు చేయమంటారు. మన ఊళ్ళో చేయి తిరిగిన మేస్త్రీలు డ్రాయింగు చదవలేక హెల్పరు వీసా మీద వచ్చి ఇక్కడ గోడలకు గాడ్లు కొడుతున్నారు. డ్రాయింగు, కొలతలు, కాస్త ఇంగ్లీషు, ఈ మూడూ ఐటీఐలో వస్తాయి. వచ్చేలా చదివితే.

గంటస్తంభం
చదివితే అన్న మాట దగ్గరే బండి ఆగిపోతుంది ఎప్పుడూ.

బొబ్బిలి వైండింగ్
నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండో ఏడాది. మా సెక్షనులో ఆడపిల్లలం ముగ్గురమే. ఇంట్లో మొదట "ఆడపిల్ల స్తంభం ఎక్కుతుందా" అన్నారు. ఎక్కడం సంగతి తర్వాత, నాకు మోటారు వైండింగ్ పిచ్చి పట్టుకుంది. కాలిన మోటారు విప్పగానే ఒక మాడు వాసన వస్తుంది, ఆ వాసనకే ఎక్కడ కాలిందో సగం తెలిసిపోతుంది. పాత కాయిల్ కోసి చుట్లు లెక్కపెట్టాలి. తీగ మీది ఎనామిల్ పూత గీకి మైక్రోమీటరుతో మందం కొలవాలి. గీకకుండా కొలిస్తే గేజి తప్పు వస్తుంది, కొత్త తీగ స్లాటులో పట్టదు. స్లాటుల్లో కాగితం పరిచి, ఒక్కొక్క చుట్టూ వెదురు పుల్లతో నెమ్మదిగా దించాలి. గోరు తగిలి ఎనామిల్ లేచిందంటే ఆ కాయిల్ మొత్తం మళ్ళీ మొదటికి. చివర్లో వార్నిష్ పోసి ఆరబెట్టి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టినప్పుడు ముల్లు అనంతం వైపు వెళ్ళి నిలబడితే ఆ రోజు అన్నం సయిస్తుంది.

సెలవుల్లో బొబ్బిలిలో ఒక వైండింగ్ షాపుకు వెళ్తున్నాను. నాట్ల ముందు వాళ్ళకు ఊపిరి సలపదు. ఓనరు మొదట కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు మూడు హెచ్‌పీ మోటార్లు నాకే వదిలేస్తున్నారు.

ఉద్దానం జీడి
అమ్మా, మా తోటలో ఐదు హెచ్‌పీ మోటారు ఏడాదికోసారి కాలుతోంది. ఎందుకో చెప్పగలవా?

బొబ్బిలి వైండింగ్
స్టార్టరులో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉందా అండీ? మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, మిగతా రెండు ఫేజుల మీద భారం పడి వైండింగ్ వేడెక్కి కాలుతుంది. కాలిన మోటారు విప్పి చూస్తే కొన్ని కాయిళ్ళు నల్లగా, మధ్య మధ్యలో కొన్ని కొత్తవాటిలా ఉంటే అది ఇదే. ఓవర్‌లోడ్ రిలే కూడా మీ మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లకు సెట్ చేసి ఉండాలి. చాలా చోట్ల మాటిమాటికీ ట్రిప్పవుతోందని దాన్ని చివరిదాకా తిప్పేసి ఉంచుతారు.

ఉద్దానం జీడి
తిప్పే ఉంది. పైగా రెండు ఫేజులే వచ్చినప్పుడు నడవడానికి కెపాసిటర్ పెట్టించాం.

పాత ఇన్‌స్ట్రక్టర్
ఏడాదికోసారి ఎందుకు కాలుతోందో మీరే చెప్పేశారు.

నాగావళి ఒడ్డు
బొబ్బిలి అమ్మాయి రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. ఆ మైక్రోమీటరు ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాడు. మా మామయ్యకు మాత్రం ఇంకా ఒకటే మాట. ఆ ప్రైవేటు ఐటీఐ దారి ఎందుకు వద్దో కాస్త గట్టిగా చెప్పండి, ఆయనకు ఫోనులో చూపిస్తాను.

పాత ఇన్‌స్ట్రక్టర్
చూపించండి. ప్రైవేటు ఐటీఐలన్నీ అలాంటివి కావు, బాగా నడిపేవాళ్ళు ఉన్నారు. తేడా తెలుసుకోవడానికి ఒక పూట ఖర్చు పెట్టండి. చెప్పకుండా ఉదయం పదకొండుకు వెళ్ళండి. ఆఫీసులో కూర్చోకండి, సెక్షన్ చూపించమనండి. వైస్‌ల దవడలు అరిగి ఉన్నాయా, రంగు కూడా పోలేదా? మోటారు ప్యానెల్ మీద టెర్మినళ్ళు విప్పి బిగించి బిగించి మరలు నున్నబడి ఉన్నాయా? చెత్తబుట్టలో వైరు ముక్కలు ఉన్నాయా? పిల్లలు పని చేసే చోట చెత్త ఉంటుంది. అద్దంలా మెరిసే వర్క్‌షాప్ చూస్తే నాకు భయం. ఇక ఆ సంస్థకూ, ఆ ట్రేడుకూ, ఆ యూనిట్‌కూ (బ్యాచ్‌కూ) కేంద్ర శిక్షణ విభాగం డీజీటీ అనుబంధం ఉందో లేదో చూడండి. సంస్థకు ఉండి ట్రేడుకు లేకపోవడం కూడా జరుగుతుంది.

రోజూ రానక్కర్లేదు అన్నవాళ్ళు మీ పిల్లవాడి చేతికి 230 వోల్టుల పని వస్తుందో రాదో పట్టించుకోనివాళ్ళు. అంతకన్నా గట్టిగా నాకు చెప్పడం రాదు.

లోకో షెడ్డు
రైల్వేలో అప్రెంటిస్ చేసి ఇప్పుడు టెక్నీషియన్‌గా ఉన్నాను. మామయ్యగారు వినాల్సింది ఇంకొకటుంది. రైల్వేలో అప్రెంటిస్ చట్టం కింద తీసుకునే శిక్షణకు రాతపరీక్ష ఉండదు, టెన్త్ మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి సగటు తీసి మెరిట్ వేస్తారు. అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకు లెవెల్ 1 (కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం రిజర్వేషన్ ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్‌కు కూడా ఎలక్ట్రీషియన్ ట్రేడు అర్హతే. విశాఖ నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూల్ ప్రకటనల్లో టెన్త్‌లో 50, ఐటీఐలో 65 శాతం అడుగుతారు, అక్కడ రాతపరీక్ష పెడతారు. సెక్షనుకు వెళ్ళకుండా మార్కులు వేయించుకున్నవాడు ఆ పరీక్ష హాల్లో పెన్ను నములుతూ కూర్చుంటాడు.

టెస్టర్ జేబులో
అప్రెంటిస్ అంటే ఏడాదిపాటు చీపురు పట్టించడమే అని విన్నాను.

లోకో షెడ్డు
కొన్ని చోట్ల అదీ ఉంది, కాదనను. మాకు నేర్పారు. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందేనని చట్టం, కాబట్టి కొందరు మొక్కుబడిగా తీసుకుంటారు. 2019 సవరణ తర్వాత ఐటీఐ అర్హతకు నెలకు కనీసం 7,000 స్టైపెండు అన్నారు. చీపురు పట్టించినా ఆ డబ్బు, ఆ జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ చేతికొస్తాయి. మీ దగ్గర హెల్పరుకు మొదటి ఏడాది ఎంత ఇస్తారు మేస్త్రీగారూ?

టెస్టర్ జేబులో
భోజనం పెడతాను.

గంటస్తంభం
ఏ భోజనం? మేస్త్రీగారి ఇంటిదైతే నేనూ చేరతాను.

చీపురుపల్లి జంక్షన్
పీఎం విశ్వకర్మ పథకంలో పెట్టుకుంటే శిక్షణ, టూల్‌కిట్, లోను అన్నీ వస్తాయి కదా, ఐటీఐ ఎందుకు?

లైన్ క్లియర్
అందులో 18 వృత్తులు ఉన్నాయి. వడ్రంగి, కమ్మరి, తాపీ, కుమ్మరి, తాళాలు చేసేవారు... కరెంటు పని లేదు. మా సచివాలయానికి ఇదే అడుగుతూ చాలామంది వస్తారు.

పాత ఇన్‌స్ట్రక్టర్
ఐటీఐకి రెండేళ్ళు ఆగలేని పెద్దవాళ్ళకైతే ఆర్‌సెటిల్లో (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో) ఇంటి వైరింగు, మోటారు రీవైండింగ్ లాంటి కోర్సులు ఉచితంగా ఉంటాయి, భోజనం వసతి కూడా. 18 ఏళ్ళు నిండినవాళ్ళకు. నెల రోజుల కోర్సు నెల రోజుల కోర్సే, దాన్ని ఐటీఐతో పోల్చకండి. సొంతంగా షాపు పెట్టుకోవాలనుకునేవాళ్ళకు ఉపయోగం. ఈ బాబుకు వయసే సరిపోదు.

పైడిభీమవరం షిఫ్టు
మామయ్యకు చూపిస్తారు కాబట్టి ఇది కూడా. మా అక్క వాళ్ళింట్లో కొత్తగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించారు. రోజుకు నాలుగుసార్లు పడిపోతోంది. వైరింగు చేసినతన్ని పిలిస్తే "ఇది దండగ సరుకు" అని దాన్ని తప్పించి నేరుగా కలిపేశాడు. నేను వెళ్ళినప్పుడు గీజరు ఉన్న బాత్రూములో ప్లగ్గు విప్పి చూశాను. ఎర్తు పిన్నుకు వైరు లేదు. న్యూట్రల్ నుంచి ఒక తుంపు తెచ్చి ఎర్తు పిన్నుకు తగిలించాడు! ఆర్‌సీసీబీ అరిచింది దాని గురించే. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రావాలి, ఇక్కడ కొంత గీజరు ఒళ్ళు, నీళ్ళ పైపుల మీదుగా నేలలోకి పోతోంది; 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చినా అది ఆపేస్తుంది. కాపాడుతున్న మనిషి నోరు మూయించి వెళ్ళాడు. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిందంటే గీజరు ఒళ్ళంతా ఫేజే.

టెస్టర్ జేబులో
అది తప్పు. అలా చేసేవాళ్ళు ఉన్నారు, మా వాళ్ళలోనే ఉన్నారు. ఎర్తు గొయ్యి తీయించమంటే ఇంటి ఓనరు ఒప్పుకోడు, బొగ్గుకూ ఉప్పుకూ పైపుకూ డబ్బులు దండగ అంటాడు, తీరా ప్లగ్గులో ఎర్తు రావాలంటాడు. అందుకని కొందరు ఇలా కానిచ్చేస్తారు. నేనైతే గొయ్యి తీయకపోతే ఎర్తు పిన్ను ఖాళీగా వదిలేసి ఓనరుకు చెప్పేస్తాను.

పాత ఇన్‌స్ట్రక్టర్
చెప్పడం మంచిదే, కాగితం మీద రాసి చెప్పండి. ఇంకా మంచిది, పని ఒప్పుకోకండి. 1956 నాటి విద్యుత్ నిబంధనల కాలం నుంచీ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న మనిషి మాత్రమే వైరింగు పని చేయాలని ఉంది. ఇప్పటి నిబంధనలూ అదే అంటాయి. అనుభవం ఇంత ఉంది కదా, మీరూ వైర్‌మన్ పర్మిట్‌కు ప్రయత్నించరాదూ?

టెస్టర్ జేబులో
ఎవరూ అడగలేదండీ ఇంతవరకు. అడిగినప్పుడు చూద్దాం అనుకున్నాను. మా అబ్బాయిని మాత్రం వచ్చే ఏడాది ఐటీఐకే పంపుతున్నాను, ఎవరికీ చెప్పకండి.

గంటస్తంభం
ఎవరికీ చెప్పం. ఇది చదివేవాళ్ళకు తప్ప.

నాగావళి ఒడ్డు
మామయ్య అంతా చదివారు. గీజరు సంగతి దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, చదువుకోనీ, సెలవుల్లో మాత్రం నా దగ్గరికే రావాలి" అన్నారు. దీనికి అందరం ఒప్పుకున్నాం. అమ్మకు ఇంకా ఇంటర్ మీదే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. వాడి మార్కులకు ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ వస్తుందో రాదో. దగ్గర్లో వైర్‌మన్ వచ్చి, ఎలక్ట్రీషియన్ దూరంగా వస్తే ఏది తీసుకోవాలి?

లోకో షెడ్డు
ఎలక్ట్రీషియన్. దూరమైనా. ప్రకటనల్లో వైర్‌మన్‌ను కొన్ని చోట్ల అడుగుతారు, ఎలక్ట్రీషియన్‌ను దాదాపు అన్ని చోట్లా అడుగుతారు.

లైన్ క్లియర్
నేను ఒప్పుకోను. మా బ్యాచ్‌లో వైర్‌మన్ చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, పని ఒకటే, జీతం ఒకటే. పదహారేళ్ళ వాణ్ణి రోజూ రెండు బస్సులు మార్చి పంపితే నెల తిరక్కుండా మానేస్తాడు. ఇంట్లోంచి వెళ్ళి వచ్చే చోట వైర్‌మన్ వస్తే కళ్ళు మూసుకుని చేరండి.

పాత ఇన్‌స్ట్రక్టర్
హాస్టల్ దొరికితే లోకో షెడ్డు మాట, దొరక్కపోతే లైన్ క్లియర్ మాట. కౌన్సెలింగు ఒక విడతతో అయిపోదు. మొదటి విడతలో ఎలక్ట్రీషియన్ రాకపోయినా తర్వాతి విడతల్లో సీట్లు మిగులుతుంటాయి, నిరాశపడి ఆ ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర డబ్బు కట్టేయకండి. అమ్మగారికి ఒక మాట చెప్పండి: ఐటీఐ తర్వాత బ్రిడ్జి కోర్సు పాసైతే డిప్లొమా రెండో ఏడాదిలోకి వెళ్ళొచ్చు. చదువు అక్కడితో ఆగిపోదు.

బొబ్బిలి వైండింగ్
చేరాక మొదటి నెలంతా ఫైలింగు చేయిస్తారు, ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీయడమే. కరెంటు ఎక్కడా కనిపించదు. మా సెక్షనులో సగం మందికి అక్కడే విసుగొచ్చింది. మీ తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి. ఇంకో మాట, వైరు తొక్క పళ్ళతో లాగే అలవాటు ఉంటే ఇప్పుడే మాన్పించండి. మా సార్ ముందు పళ్ళు చూస్తారు.

దోహా నుంచి
సోలార్ సంగతి ఎవరూ అనలేదు. 2024లో పీఎం సూర్యఘర్ వచ్చాక మా ఊళ్ళో కూడా మేడల మీద ప్యానెళ్ళు వేస్తున్నారని విన్నాను. 3 కిలోవాట్లకు 78,000 రాయితీ కదా. ఐటీఐ అయ్యాక సూర్యమిత్ర లాంటి శిక్షణ తీసుకుంటే పనికి లోటుండదు. నేను తిరిగొచ్చేది ఆ పని పెట్టుకోవాలనే.

టెస్టర్ జేబులో
సోలార్ డీసీ వైపు జాగ్రత్త. పగలు ప్యానెల్‌కు స్విచ్ ఉండదు, ఎండ ఉన్నంత సేపు వోల్టేజి ఉంటుంది. ఇళ్ళలో ఉండే ఏసీ కరెంటు అలవాటుతో కనెక్టరు లాగితే నిప్పు సాగుతుంది. నేను ఒక ఇంట్లో చూశాను, అప్పటినుంచి నేర్చుకోకుండా చేయకూడదని ఊరుకున్నాను. మీరు వస్తే చెప్పండి, నాకూ నేర్పండి.

దోహా నుంచి
భోజనం పెడతారా?

లైన్ క్లియర్
నాగావళి ఒడ్డు గారూ, దరఖాస్తుకు ముందు ఒక పని. టెన్త్ మెమోలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోయాయో చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంలో ఉన్నా రేపు అప్రెంటిస్ పోర్టల్లో తిప్పలు పడాలి. టీసీ, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి.

నాగావళి ఒడ్డు
ఇప్పుడే చూశాను. ఆధార్‌లో పుట్టిన తేదీ బదులు సంవత్సరమే ఉంది. రేపు తమ్ముణ్ణి తీసుకుని సచివాలయానికి వెళ్తాం.

లైన్ క్లియర్
మెమో ఒరిజినల్ పట్టుకెళ్ళండి, జిరాక్సు తీసుకోరు. పదిన్నర లోపు వెళ్తే రద్దీ ఉండదు.